ఋణము, ధనము, లోహలవణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. కరవు వచ్చినను, వానలు వచ్చినను ఈ తలుపులు మూయకుండ కాపాడినవారికి మనమందరము ఋణపడియున్నాము. ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గము వారు కోరిరి. నేను ఊరి లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. తీరిక దొరికినప్పుడు ఇచ్చటనే కూర్చుండి, నిఘంటువును ప్రక్కన బెట్టుకొని, గురువు లేకయే కావ్యములు చదువుకొన్నవాడను. కావున భారతమునుండియో, మనుచరిత్రమునుండియో ఒక ఘట్టము నెత్తుకొందునని మీరు తలచియుందురు. నేడు మాత్రము కంటికి కానరాని ఒక అణువును గూర్చి చెప్పదలచితిని. దాని పేరు ఆర్‌.ఎన్‌.ఏ. అది తన ఆకారమును ఎట్లు నిలుపుకొనును? లోహముల లవణములు దానిని ఎట్లు నిలుపును, ఎట్లు చెరచును? ఇదియే నా విషయము.

ఈ విషయమునే ఎన్నుకొనుటకు కారణము కలదు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి మన సీమకు వచ్చినప్పుడు, ముక్కునుండి పుల్లతో తీసిన చెమ్మను పరీక్షించి ఇచ్చిన కాగితములను చేతబట్టుకొని పలువురు నాయొద్దకు వచ్చిరి. లెక్కలు వ్రాయువానికి అన్ని కాగితములును అర్థమగునని మనవారి నమ్మకము. ఒక రైతు, "ఏమన్నా, పాజిటివని వచ్చిందంట, మంచిదే గదా?" అని అడిగెను. ఆ పరీక్షలో వెదకినది ఆ వ్యాధిక్రిమి యొక్క ఆర్‌.ఎన్‌.ఏ.నే. ఆ మూడక్షరముల పేరు ఊరూర వినబడినది. దాని సంగతి మాత్రము తెలిసినవారు అరుదు. తెలియని చోట భయమును పుకారును కాపురముండును. వానిని వెడలగొట్టుటకే కదా గ్రంథాలయములు వెలసినవి!

ముందుగా ఆర్‌.ఎన్‌.ఏ. యననేమో చూతము. ప్రాణులన్నిటి శరీరములును జీవకణములతో కట్టబడినవి. ప్రతి కణమునందును ఆ ప్రాణి యొక్క మూలపత్రము కలదు, దానిని డి.ఎన్‌.ఏ. యందురు. మన కచేరీలో మూల దస్తరమును ఎవరికిని బయటికి ఈయము. కావలసిన భాగమునకు నకలు తీసి ఇత్తుము. కణమునందును అదే ఏర్పాటు. మూలపత్రము భద్రముగా నుండును. అవసరమైన భాగమునకు నకలు తీయబడును. ఆ నకలే ఆర్‌.ఎన్‌.ఏ. కొన్ని వ్యాధిక్రిములలో మూలపత్రము సైతము ఆర్‌.ఎన్‌.ఏ.గానే యుండును; కరోనా అట్టిది.

ఐతే ఆర్‌.ఎన్‌.ఏ.ను నకలు కాగితమని మాత్రము తలచి వదలరాదు. కొన్ని ఆర్‌.ఎన్‌.ఏ.లు తామే పనిముట్లు. అవి మడతలుపడి, ఒక నిర్ణీతమైన ఆకారమును దాల్చి, పనిచేయును. ఆకారము చెడినచో పనియు చెడును. కొడవలిని సాగగొట్టి కడ్డీ చేసినచో ఇనుము పోదు, కోతమాత్రము పోవును. అట్లే ఇదియు.

ఈ మడత ఎట్లు కలుగును? పద్యము చదువుకొన్నవారికి సులభముగా చెప్పవచ్చును. ఆర్‌.ఎన్‌.ఏ. పొడుగాటి దండవంటిది. దానిలో నాలుగే అక్షరములు: అడెనిన్‌, యురాసిల్‌, గ్వానిన్‌, సైటోసిన్‌. పద్యపాదమునందు మొదటి అక్షరమునకును, నియతస్థానమునందలి మరియొక అక్షరమునకును మైత్రి యుండవలెనని మన ఛందశ్శాస్త్రము చెప్పును; దానినే యతి యందుము. నడుమ ఎన్ని అక్షరములున్నను ఆ రెండును ఒకదానినొకటి పిలుచుకొనును. ఆర్‌.ఎన్‌.ఏ. యందును ఇట్టి మైత్రి కలదు. అడెనినునకు యురాసిలు మిత్రము. గ్వానినునకు సైటోసిను మిత్రము. దండలో దూరదూరముగా నున్న మిత్రములు దగ్గరకు చేరగా దండ మడతపడి జడవలె అల్లుకొనును. ఇది మొదటి మెట్టు. ఇట్టి జడలు కొన్ని మరల ఒకదానిపై నొకటి ఒరగి, ఒదిగి, గట్టి ఆకృతిగా నేర్పడుట రెండవ మెట్టు.

ఇచ్చటనే చిక్కు వచ్చుచున్నది. ఈ దండకు ఆధారమైన దారము చక్కెరయు ఫాస్ఫేటును ఒకటి విడిచి ఒకటిగా గూర్చినది. ప్రతి ఫాస్ఫేటునందును ఒక ఋణావేశము కలదు. విద్యుత్తునందలి రెండు విధములకు మన శాస్త్రగ్రంథకర్తలు ఋణము, ధనము అని పేర్లు పెట్టిరి. నావంటి లెక్కలవానికి ఇంతకంటె ఇంపైన మాట లేదు. ఆర్‌.ఎన్‌.ఏ. అడుగడుగునను అప్పుపడినది! డెబ్బదియారు అక్షరముల చిన్న ఆర్‌.ఎన్‌.ఏ. యందు ఇంచుమించు డెబ్బదియైదు ఋణములు కలవు. ఋణావేశములు రెండు చేరువైనచో ఒకదానినొకటి నెట్టుకొనును. అక్షరములు మైత్రిచే రమ్మనుచుండును. దారము వైరముచే పొమ్మనుచుండును. దండ యెట్లు మడతపడును?

ఆ వైరమును చల్లార్చునది లవణము. ఛాందోగ్యోపనిషత్తునందు ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతుని రాత్రి నీటిలో ఉప్పు వేయుమని, మరునాడు దానిని తెమ్మని యడుగును. కుమారునకు ఉప్పు కనబడదు. రుచి చూడగా నీటియంతటను కలదు. ఋషి చెప్పదలచిన తత్త్వము వేరు. కనబడనిది లేనిది కాదను మాట మాత్రము రసాయనశాస్త్రమునకును సరిపోవును. ఉప్పు నీటిలో కరగినప్పుడు రెండుగా విడిపోవును: ధనావేశము గల సోడియము, ఋణావేశము గల క్లోరైడు. ఇట్లు ఆవేశము గల కణములకు అయానులని పేరు. సోడియమునొద్ద ఒక రూకధనము కలదనుకొందము. అప్పుపడిన దారముచుట్టును ఇట్టి ధనవంతులు గుమిగూడగా ఋణముల కొట్లాట తగ్గును. అప్పుడు అక్షరముల మైత్రి గెలుచును, దండ మడతపడును.

ఇది ఊహ కాదు, కొలతకు అందిన విషయము. ఆర్‌.ఎన్‌.ఏ. నీటిని వేడిచేయుచు పోయినచో ఒకానొక వేడియొద్ద మడతలు విడిపోవును. మడతలు విడినకొలదియు ఆ నీరు కంటికి కానరాని అతినీలలోహిత కాంతిని ఎక్కువగా మ్రింగును; ఆ లెక్కనుబట్టి విడుపు తెలియును. నీటిలో ఉప్పు పెరిగినకొలది విడుపునకు మరింత వేడి కావలసివచ్చును. ఆర్‌.ఎన్‌.ఏ. మడతల బలమును లెక్కగట్టుటకు నేడు శాస్త్రజ్ఞులు వాడు పట్టికలు లీటరు నీటికి 58 గ్రాముల ఉప్పు గల ద్రావణములో కొలిచినవి. సముద్రజలమున లీటరుకు సుమారు 35 గ్రాముల లవణము మాత్రమే యుండును.

అన్ని లోహములును సమానములు కావు. ఉప్పును కర్పూరమును చూచుటకు ఒకేరీతి యుండినను రుచులు వేరని మన వేమన చెప్పినట్లు, తెల్లని లవణములన్నియు ఒకే పని చేయవు. సోడియమును పొటాసియమును ఒక రూకవారు. మెగ్నీషియము రెండు రూకలవాడు. లీటరునకు 58 గ్రాముల ఉప్పు చేయు పనిని, కొద్దిపాటి ఉప్పుతో గూడి, ఇంచుమించు ఒక గ్రాము మెగ్నీషియం క్లోరైడు చేయగలదు. రెండు రూకలవాడు ఒక రూకవానికి రెట్టింపు పనికదా చేయవలె, ఇన్ని రెట్లెట్లు చేయునని మీరడుగవచ్చును. కరగిన అయానులు నీటియంతటను స్వేచ్ఛగా తిరుగాడుచుండును. వానిని ఒకచోట నిలుపుటకు వాని స్వేచ్ఛను కోల్పుచ్చవలెను. నూరు రూకల అప్పు తీర్చుటకు పొలములలో పనిచేయుచున్న నూరుగురిని పిలుచుకొనివచ్చుటకంటె, తలకు రెండేసి రూకలున్న ఏబదిమందిని పిలుచుకొనివచ్చుట సులభము గదా! అదియునుగాక, మెగ్నీషియము చిన్న దేహమున రెండు ఆవేశములు గలది; దగ్గరకు వచ్చి గట్టిగా పట్టగలది.

మెగ్నీషియము నీటిలో ఒంటరిగా తిరుగదు. ఆరు నీటి అణువులను చుట్టును నిలుపుకొని పరివారముతో సంచరించును. పెక్కుచోట్ల ఆ పరివారము నడుమనుండగానే ఆర్‌.ఎన్‌.ఏ.ను తాకును. కొన్ని ఇరుకు మడతలలో మాత్రము ఒకటి రెండు నీటి అణువులను విడిచి, ఫాస్ఫేటును స్వయముగా పట్టుకొనును. జడలను జడలతో గట్టిగా చేర్చు రెండవ మెట్టునకు ఈ పట్టు మిక్కిలి ముఖ్యము. మొదటి మెట్టు మామూలు ఉప్పుతోను జరుగును. రెండవ మెట్టు పెక్కు ఆర్‌.ఎన్‌.ఏ.లకు మెగ్నీషియము లేనిదే సరిగా జరుగదు.

ఈ సత్యము ఎట్లు బయటపడినదో కొంచెము చెప్పవలెను. 1958లో టిస్సియర్‌, వాట్సన్‌ అను శాస్త్రజ్ఞులు సూక్ష్మజీవుల రైబోసోములను పరీక్షించిరి. రైబోసోమనగా కణమునందు మాంసకృత్తులను తయారుచేయు యంత్రము. సూక్ష్మజీవులలో దాని బరువున మూడింట రెండువంతులు ఆర్‌.ఎన్‌.ఏ.యే. చుట్టుగల మెగ్నీషియమును తగ్గించినప్పుడు ఆ యంత్రము పెద్ద చెక్క, చిన్న చెక్క అని రెండుగా విడిపోయెను, తిరుగలిరాళ్ళు విడిపోయినట్లు. ఆ యంత్రపు అంతర్నిర్మాణమును వివరించినందులకు 2009లో నోబెలు బహుమానము పొందిన మువ్వురిలో చిదంబరమున జన్మించిన వెంకటరామన్‌ రామకృష్ణన్‌ ఒకరు.

1966లో అమెరికాలోని ప్రిన్‌స్టన్‌లో లిండాల్‌, ఆడమ్స్‌, ఫ్రెస్కో అనువారు మరియొక ప్రయోగము చేసిరి. రవాణా ఆర్‌.ఎన్‌.ఏ. యని ఒక చిన్న ఆర్‌.ఎన్‌.ఏ. కలదు. దానిని మెగ్నీషియము లేనిచోట నుంచగా ఆకారము తప్పి, పనికిరానిదయ్యెను. అక్షరములలో ఒక్కటియు పోలేదు, దారము తెగలేదు. మెగ్నీషియమును చేర్చి కొంచెము వెచ్చజేయగా మరల ఆకారము దాల్చి పనికి వచ్చెను. దస్తరములో అంకెలన్నియు సరిగానున్నను కూడిక తప్పినచో ఫలితము తప్పినట్లే. కూడికను సరిదిద్దినది మెగ్నీషియము. 1974లో ఇట్టి రవాణా ఆర్‌.ఎన్‌.ఏ. యొక్క పూర్తి ఆకారము స్ఫటికములద్వారా తెలిసెను. అది మడిచిన మోచేతివలె నుండెను. ఆ మడతలలో మెగ్నీషియము నిలిచిన స్థానములును కానవచ్చెను.

1982లో థామస్‌ చెక్‌, 1983లో సిడ్నీ ఆల్ట్‌మన్‌ బృందము మరియొక అద్భుతమును చూపిరి. అంతవరకు జీవకణములో రసాయనక్రియలను నడుపునవి మాంసకృత్తులేయని నమ్మకము. చెక్‌ పరీక్షించిన ఆర్‌.ఎన్‌.ఏ. తన్నుతానే కత్తిరించుకొని, తెగిన కొనలను తానే అతుకుకొనెను. దానికి మెగ్నీషియము అవసరమయ్యెను. ఆల్ట్‌మన్‌ బృందము పరీక్షించిన పనిముట్టులో ఒక ఆర్‌.ఎన్‌.ఏ.యు ఒక మాంసకృత్తియు కలవు. మెగ్నీషియమును హెచ్చించినప్పుడు మాంసకృత్తి లేకయే ఆర్‌.ఎన్‌.ఏ. ఒంటరిగా పనిచేసెను. ఈ ఇరువురికిని 1989లో నోబెలు బహుమానము వచ్చెను.

ఇందు మన తెలుగువారి పాలేమియు లేదా? ఘనముగా కలదు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయి, హార్వర్డునందు ఫిస్కె అను పండితునితో గూడి, 1925లో ఫాస్ఫరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. మొలిబ్డినమను లోహపు లవణమును చేర్చి నీలిరంగును పుట్టించి, ఆ రంగు గాఢతనుబట్టి ఫాస్ఫరమును లెక్కించుట ఆ పద్ధతి. ఆర్‌.ఎన్‌.ఏ. దారమున ఫాస్ఫేటు కలదుగదా; అందుచే దాని పరిమాణమును కొలుచుటకును ఈ పద్ధతి ఎన్నో ఏండ్లు ప్రయోగశాలలకు ఉపకరించెను. 1929లో వారిరువురును కండరమునందు ఏ.టి.పి. యను పదార్థమును కనుగొనిరి. అదే ఏడు జర్మనీలో లోమన్‌ వేరుగా కనుగొనెను. ప్రాణికి శక్తిని అందించు నాణెము ఏ.టి.పి. అదియే ఆర్‌.ఎన్‌.ఏ.లో అడెనిన్‌ అక్షరమును కూర్చు ముడిసరకు. ఈ నాణెము కణమునందు చాలవరకు మెగ్నీషియముతో జతపడియే చెల్లును. సుబ్బారావుగారు 1948లో అమెరికాలోనే కన్నుమూసిరి. ఆ చిత్రపటము మన గ్రంథాలయమున నుండదగినది.

ఇప్పుడు మన కాలిక్రింది నేలను చూతము. మెగ్నీషియము దూరదేశపు వస్తువు కాదు. భూగర్భశాస్త్రజ్ఞులు కడప శిలాసముదాయమని పేరిడిన రాళ్ళలో వేంపల్లె పేర ఒక అంతరువు కలదు. అందు ముఖ్యమైనది డోలమైటు. అనగా సున్నమును మెగ్నీషియమును గలసిన కార్బొనేటు శిల. విలియం కింగ్‌ అను పండితుడు 1872లో ఈ కడప, కర్నూలు శిలలనుగూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించెను. పులివెందుల ప్రాంతపు రాతినార మెగ్నీషియము గల సిలికేటే. ఇట్టి శిలలగుండ ఊరిన నీటిలో మెగ్నీషియము కొంత కరగియుండును. సబ్బు నురుగీయని నీటికిని, పప్పు ఉడుకని నీటికిని సున్నముతోపాటు అదియు కారణము.

అదే కడప సీమలో నల్లమల అంచున జంగంరాజుపల్లె ప్రాంతమున సీసపు ఖనిజము కలదు. సీసమును మెగ్నీషియమువలె రెండు రూకల ధనము గలదే. లెక్కపుస్తకమునందు రెండును సమానములే. కాని 1983లో కేంబ్రిడ్జిలో ఆరన్‌ క్లూగ్‌ బృందము రవాణా ఆర్‌.ఎన్‌.ఏ. స్ఫటికములలోనికి సీసపు లవణమును పంపి చూడగా, మోచేతి మడతయొద్ద పదునేడవ అక్షరమునకును పదునెనిమిదవ అక్షరమునకును నడుమ దారము తెగిపోయెను. మెగ్నీషియము నిలువబెట్టిన ఇంటిని సీసము కూలద్రోసెను! కారణమేమి? లోహమును అంటియున్న నీటి అణువునుండి ఒక ఉదజని కణము విడిపోవుట కలదు. మెగ్నీషియము పట్టిన నీరు దానిని సులభముగా విడువదు. సీసము పట్టిన నీరు సులభముగా విడుచును. అట్లు విడిచిన నీరు కత్తివలెనై, దారమునందలి చక్కెరను ప్రేరేపించి, ప్రక్కనున్న ఫాస్ఫేటు బంధమును తెంపించును. ధనము సమానమైనను గుణము సమానము కాదు.

మెగ్నీషియమునైనను కేవలము మిత్రమని నమ్మరాదు. వేడి హెచ్చినచోటను, క్షారము హెచ్చినచోటను అదియు నెమ్మదిగా ఆర్‌.ఎన్‌.ఏ. దారమును తెంపుటకు తోడ్పడును. 2020 నాటి మొదటి ఆర్‌.ఎన్‌.ఏ. టీకాలలో ఒకదానిని సున్నకు దిగువ 70 డిగ్రీల చలిలో దాచవలసివచ్చెను. ఆర్‌.ఎన్‌.ఏ. సులభముగా తెగు స్వభావము గలది యగుటయే అందుకు గల కారణములలో ఒకటి.

మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. యను జీవకణ పరిశోధన సంస్థవారు 2020లో కరోనా పరీక్షకు ఒక సులభమార్గమును ఏర్పరచిరి. దానికి 2020 నవంబరులో భారత వైద్య పరిశోధన మండలి అనుమతి లభించెను. ముక్కునుండి తీసిన పుల్లను ద్రవములో ముంచక పొడిగానే పంపుదురు. ప్రయోగశాలలో దానిని ఇ.డి.టి.ఎ. యను పదార్థము గల నీటిలో నుంచి, 98 డిగ్రీల వరకు వేడిచేసి, ఆర్‌.ఎన్‌.ఏ.ను విడదీయు ప్రత్యేక ప్రక్రియ లేకయే పరీక్షింతురు. ఇ.డి.టి.ఎ. లోహపు అయానులను ఎండ్రకాయవలె పట్టి బంధించునది. లోహము బంధింపబడినచో అంత వేడిలోను ఆర్‌.ఎన్‌.ఏ.కు అపాయము తగ్గును. ఐతే తరువాతి మెట్టులో ఆర్‌.ఎన్‌.ఏ.ను నకళ్ళుగా పెంచు సాధనములకు మెగ్నీషియము లేనిదే పని జరుగదు. అప్పుడు దానిని కొలిచి ఈయవలెను. ఒక మెట్టున బంధింపవలెను, మరియొక మెట్టున ఈయవలెను. ఈ తూకము తెలిసినందుననే పరీక్షకు పట్టు కాలమును ఖర్చును తగ్గినవి. లోహలవణముల జ్ఞానము పండితుల వినోదము మాత్రము కాదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఇంకొక నిదర్శనము మన నీటికి సంబంధించినది. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిపోవు వ్యాధిని మన దేశమున 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామములనుండి వైద్యులు మొదట ప్రకటించిరి. నల్లగొండ బాధ లోకమునకు తెలిసినదే. మన రాయలసీమలోను కొన్ని ఊళ్ళ బోరునీటిలో ఫ్లోరైడు మితిమీరి యున్నది. కొన్ని సూక్ష్మజీవులకు ఈ విషమును పసిగట్టు ఆర్‌.ఎన్‌.ఏ. కలదని 2012లో తెలిసెను. ఫ్లోరైడు ఋణావేశము గలది, ఆర్‌.ఎన్‌.ఏ.యు ఋణావేశమే. అప్పులవాడు అప్పులవానిని ఎట్లు పట్టును? నడుమ మూడు మెగ్నీషియము అయానులు మధ్యవర్తులై నిలిచి, ఒకవైపు ఆర్‌.ఎన్‌.ఏ.ను, మరియొకవైపు ఫ్లోరైడును పట్టుకొనును. పట్టువడగానే ఆర్‌.ఎన్‌.ఏ. ఆకారము స్థిరపడి, ఫ్లోరైడును వెలుపలికి తోయు ఏర్పాటు మొదలగును.

కంటికి కానరాని జీవికి ఈ కావలి కలదు. మన దేహమునకు అట్టి కావలి లేదు. మనకు కావలి మన తెలివియే. త్రాగునీట ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రామునకు మించరాదనియు, వేరు నీరు లేనిచో ఒకటిన్నర వరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. పటికయు సున్నమును చేర్చి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపురమునందలి పరిశోధన సంస్థవారు 1970 ప్రాంతపు దశకమున రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి యని పేరు. పటికయు ఒక లోహలవణమే.

ఇంతవరకు విని, మెగ్నీషియము ఆర్‌.ఎన్‌.ఏ.ను బలపరచునట గదా, ఆ లవణమును మ్రింగినచో మన దేహము బలపడునని ఎవరును తలపరాదు. మన కణములలో స్వేచ్ఛగా నుండు మెగ్నీషియము లీటరునకు 12 మొదలు 24 మిల్లీగ్రాముల మేరకే. ఆ మేర తప్పకుండ కణపు పొరలును మూత్రపిండములును అహోరాత్రములు కాపాడుచుండును. చప్పిడినీరు త్రాగినను, కఠినజలము త్రాగినను ఆ మేర ఒక్కనాటికి మారదు. మూత్రపిండములు చెడినవారు విరేచనమునకు ఎప్సం ఉప్పును వైద్యుని అడుగక పుచ్చుకొన్నచో ప్రాణాపాయము సైతము కలుగవచ్చును. సీసము విషయమున వేరు మాట లేదు. పాత రంగులు, పాత బ్యాటరీలు విప్పు తావులు, సీసము కలసిన పాత్రలు—వీనినుండి పిల్లలను దూరముంచవలెను. సీసపు విషము దేహమున పెక్కు మార్గముల పనిచేయును, ఆర్‌.ఎన్‌.ఏ.ను తెంపుట అందు ప్రయోగశాలలో కనబడిన ఒక మార్గము మాత్రమే. పసివానికి ఇంత సీసము మేలు, ఇంత కీడు అను హద్దు లేదు; ఎంతయైనను కీడే.

మరి, రాతిలోనున్న లోహమెల్ల మనపై పడునా? పడదు. కడప సీమలోనిదై పేరుగన్న మంగంపేట ముగ్గురాయి బేరియము గల రాయి. బేరియపు లవణములు కొన్ని విషములు. కాని ఆ రాతియందలి బేరియం సల్ఫేటు నీటిలో ఇంచుమించు కరగనే కరగదు. అందుచే వైద్యులు ఎక్స్‌రే తీయుటకు దానిని రోగిచే త్రాగింతురు. కరగినదియే అయానగును, అయానైనదియే పనిచేయును. కావున భయపడుటకు ముందును, నమ్ముటకు ముందును మూడు ప్రశ్నలు వేయవలెను: ఏ లోహము? కరగునా? ఎంత? ఈ మూడు ప్రశ్నలును నేర్పినచో నేటి నా ప్రసంగము నెరవేరినట్లే.

కార్యవర్గము వారికి రెండు మనవులు చేయుచున్నాను. మొదటిది: మన బీరువాలలో పురాణములకును, నవలలకును కొరత లేదు. తెలుగున వ్రాసిన రసాయనశాస్త్ర, జీవశాస్త్ర గ్రంథములకు ఒక అర కేటాయింపుడు. ఋణము, ధనము వంటి చక్కని మాటలు మన భాషయందున్నవి; ఆ మాటలతో శాస్త్రమును చెప్పికొన్ననాడు అది మనదగును. రెండవది: ఏటేట వానలు వెలిసిన పిమ్మట మన ఊరి బోర్ల నీటిని పరీక్షింపజేసి, ఫ్లోరైడు ఎంత, కాఠిన్యము ఎంత యను అంకెలను ఈ గ్రంథాలయపు గోడపై వ్రేలాడగట్టుడు. ఆ పట్టికను ఏటికేడు తప్పక వ్రాయు పనిని నేను తలకెత్తుకొందును. లెక్కలవానికి అంతకంటె పుణ్యకార్యము లేదు.

బిడ్డలు వచ్చి ఆ పట్టికను చదువవలెను; తమ యింట ఏ బోరు నీరు త్రాగుచున్నారో తల్లిదండ్రులను అడుగవలెను. ఇరువదియైదేండ్లు అక్షరమును నిలిపిన ఈ గ్రంథాలయము, రానున్న ఇరువదియైదేండ్లలో ఆ ప్రశ్నలను నిలుపునుగాక! 

స్వస్తి.